లియోటా ఫాసెట్ ఓటు

మెర్వెన్ కౌంటీ ఎన్నికల ఆఫీసు ఉన్న భవనంలో ఒకప్పుడు పరుపులు, సోఫాలు అమ్మేవారు. వెనక హాల్లో అడుగుపెడితే ఇప్పటికీ కొత్త పరుపు వాసనే వస్తుందని ఆర్డిత్ మోల్నార్ అంటుంది. ప్రతి ఎన్నికకీ ముందు పోలింగ్ సిబ్బందికి ఆ హాల్లోనే ట్రైనింగు.

ఆర్డిత్ బడి వంటగదిని చాలా ఏళ్లు నడిపి రిటైరైన మనిషి. డెమోక్రాట్. మాట కరుకు, పని శుభ్రం. ఆ రోజు ఆమె ముందు వరసలో కూర్చుని కాఫీ తాగుతుండగా తలుపు తోసుకుని వెండెల్ స్ట్రోప్ లోపలికి వచ్చాడు. రిపబ్లికన్. ఇళ్లకు గ్యాసు నింపే ట్యాంకరు తోలి రిటైరయ్యాడు. ఊరి అంబులెన్సు కూడా జీతం లేకుండా తోలేవాడు. ఆయన్ని చూడగానే ఆర్డిత్ కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"వీడికి ఇక్కడేం పని?" అంది, హాలంతా వినపడేలా.

"నీకేం పనో నాకూ అదే పని," అన్నాడు వెండెల్, వెనక వరసలో కుర్చీ లాక్కుంటూ.

ట్రైనింగు ఇచ్చే ట్వైలా రెన్నర్ ఆ మాటలు విననట్టు ఊరుకుంది. నలభై దాటినా ఆఫీసులో అందరికీ ఆమె అమ్మాయే. ముందు యంత్రం ఎలా తెరవాలో, సీలు ఎలా వెయ్యాలో, పార్టీ టోపీ పెట్టుకొచ్చిన ఓటరుకి ఏం చెప్పాలో చూపించింది. తర్వాత బల్లకి ఆనుకుని నిలబడింది.

"ఈసారి జనం కోపంగా వస్తారు. మీ మొహం మీదే తిడతారు. ఆ తిట్లు తిని గొంతు పెంచకుండా మాట్లాడటం ఇక్కడే నేర్చుకోండి. ఒకరు ఓటరు, ఒకరు సిబ్బంది. ఓటరు తప్పు పోలింగ్ కేంద్రానికి వచ్చాడు. సరైన చోటుకి దారి చెప్పి మర్యాదగా పంపించాలి. ఆర్డిత్ గారూ, మీరు ఓటరు. వెండెల్ గారూ, మీరు సిబ్బంది."

ట్వైలా ఈ ఊరి మనిషి కాదు. ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లు కుర్చీల్లో సర్దుకున్నారు.

వెండెల్ బల్ల వెనక కూర్చుని, చేతులు రెండూ బల్ల మీద పెట్టి, ట్వైలా నేర్పినట్టే మొదలుపెట్టాడు. "నమస్తే అమ్మా. మీ పేరు ఈ కేంద్రంలో లేదండీ. మీరు ఫైర్ స్టేషన్‌కి వెళ్లాలి. ఇక్కణ్ణించి ఎడమకి తిరిగి..."

"దారి నువ్వు చెప్తావా?" అంది ఆర్డిత్.

"ఎడమకి తిరిగి, వంతెన దాటాక..."

"నువ్వా? నాకు దారి చెప్పేది నువ్వా? నీకు దారి తెలుసుంటే నా మొగుడు బతికుండేవాడు!"

వెండెల్ చేతులు అలాగే బల్ల మీద ఉన్నాయి. ఆయన, "వంతెన దాటాక కుడివైపు కనపడుతుందమ్మా," అని ముగించాడు. లేచి బయటికెళ్లి, సిగరెట్టు వెలిగించి, తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

జరిగింది ఇది. ఏడేళ్ల కిందట ఫిబ్రవరిలో, రోడ్లు గాజులా గడ్డకట్టి ఉండగా, ఆర్డిత్ భర్త ఎర్నీ వంటింట్లో గుండె పట్టుకుని పడిపోయాడు. ఆమె అంబులెన్సుకి ఫోన్ చేసి ఫర్నెస్ రోడ్డు అని చెప్పింది. మా వైపు ఫర్నెస్ రోడ్లు రెండున్నాయి, పాతది, కొత్తది. ఆర్డిత్ ఇల్లున్నది కొత్తదాని మీద. వెండెల్ పాత రోడ్డులోకి తిప్పాడు. అక్కడ వాగు మీద వంతెన మూసేసి ఉంది. మంచులో ఆ బండిని వెనక్కి తీసి, చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎర్నీ పెదవులు నీలంగా మారాయి. బతకలేదు. అప్పట్నించి బడిలో, చర్చిలో, జుట్టు కత్తిరించుకునే చోట, ఎక్కడ మాట కలిసినా ఆర్డిత్ చెప్పేది ఒకటే: వెండెల్ స్ట్రోప్ తన మొగుణ్ణి చంపాడు. వాడికి రోడ్డు తెలియదు, నిజం చెప్పటం తెలియదు, గుడ్డి కోడిని నమ్మొచ్చు గానీ వాణ్ణి నమ్మకూడదు. వెండెల్ ఎక్కడా ఏమీ అనలేదు. ఆ వసంతంలోనే అంబులెన్సు తాళాలు తిరిగిచ్చేశాడు.

క్లాసు అయ్యాక ట్వైలా ఆర్డిత్‌ని తన గదిలోకి పిలిచింది.

"నాకు తెలీదండీ. క్షమించండి. కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి, కూర్చోండి."

"నిలబడే వింటాను."

"క్వారీ హిల్ వృద్ధాశ్రమంలో ఓట్లు వేయించడానికి ఈసారి కూడా మీరే వెళ్లాలి. అక్కడి పెద్దవాళ్లు మిమ్మల్ని ఎరుగుదురు. ఎప్పుడూ మీతో వచ్చే ఆవిడ ఫ్లోరిడా వెళ్లిపోయింది. చట్టం ప్రకారం ఇద్దరు వెళ్లాలి, ఇద్దరూ వేరే వేరే పార్టీల వాళ్లయ్యుండాలి. అటు పార్టీ నుంచి ఒకావిడ తుంటి విరగ్గొట్టుకుంది. మిగిలినవాళ్లు జనం తిడతారని భయపడి మానుకున్నారు."

ఆర్డిత్‌కి అర్థమైంది. "వాడితోనా?"

"ఆయనొక్కడే ఉన్నాడు."

"కుదరదు."

"అయితే ఆ ఆశ్రమంలో బయటికి రాలేనివాళ్లకి ఈసారి ఓటు లేదు. నేనే వెళ్లి వాళ్లకి చెప్పొస్తాను. లేదంటే మీరే చెప్తారా?"

ఆర్డిత్ ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. "నువ్వు పైకి కనపడేంత మెత్తని దానివి కాదు," అంది. "సరే. బండి మాత్రం నేనే తోలతాను."

ఆ ఇద్దరికీ ట్వైలా విడిగా ఇంకో పాఠం చెప్పింది. ఓటరుకి బ్యాలెట్ కాగితం మొత్తం చదివి వినిపించాలి, ఏ పేరు దగ్గరా గొంతు మారకూడదు. ఓటరు కోరిన పేరు పక్క గడి ఒకరు నింపుతుంటే రెండోవాళ్లు చూడాలి. ఓటరు ఏం కోరారో ఇద్దరికీ స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యాలి. ఎవరు ఎవరికి వేశారో చచ్చేదాకా నోరు విప్పకూడదు. వెండెల్ ఓ నమూనా కాగితం చదివాడు.

"మూడో పేరు దగ్గర పాట పాడావు," అంది ఆర్డిత్.

"దగ్గొచ్చింది."

"దగ్గు కూడా పార్టీ చూసుకుని వస్తుందా నీకు?"

వెండెల్ మళ్లీ చదివాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ చదివాడు. ఆ సాయంత్రం ఆయన చేత ఆమె ఎన్నిసార్లు చదివించిందో గానీ, చివరికి ఆ గొంతు చావు కబురు చెప్పే రేడియో గొంతులా తయారైంది.

క్వారీ హిల్‌కి వెళ్లేరోజు ఆఫీసు వ్యానులో ఆర్డిత్ స్టీరింగు ముందు కూర్చుంది. వెండెల్ తాళం వేసిన బ్యాలెట్ సంచీని కాళ్ల మధ్య పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య దారి.

"ముందర గుంట ఉంది," అన్నాడు వెండెల్.

ఆర్డిత్ కావాలనే గుంటలోంచే పోనిచ్చింది. సంచీ ఎగిరి ఆయన మోకాలికి తగిలింది.

"కౌంటీ బండి ఇది," అన్నాడాయన, మోకాలు రుద్దుకుంటూ.

"నీ సలహాతో నడిచే బండ్లు ఎక్కడికి చేరతాయో నాకు తెలుసు."

ఆశ్రమంలో భోజనాల గది పక్కన ఓ చిన్న గది ఇచ్చారు. తలుపుకి పైభాగంలో అద్దం, లోపల ఓ బల్ల, మూడు కుర్చీలు. చక్రాల కుర్చీల్లో ఒక్కొక్కరినే తీసుకొచ్చారు. ఒక ముసలాయన ఎప్పుడో చచ్చిపోయిన షెరీఫ్‌కి ఓటేస్తానని పట్టుబట్టాడు. ఆయన పేరు కాగితం మీద లేదని వెండెల్ చెబితే, "ఎవరు తీసేశారు? నువ్వేనా?" అని చేతికర్ర ఎత్తాడు. ఒకావిడ మొత్తం వినేసి, అందరూ దొంగలేనని, అయినా ఎవరికో ఒకరికి వెయ్యకపోతే నిద్ర పట్టదని అంది. పని సాగింది. వెండెల్ నింపుతుంటే ఆర్డిత్ కాగితం మీదికి ఎంత వంగేదంటే ఆమె కళ్లద్దాలు దాదాపు ఆయన వేళ్లకి తగిలేవి.

"తల తీస్తావా? వెలుగు పడట్లేదు."

"తియ్యను."

"నీడలో గీత పక్కకి పోతే?"

"పోతే నీ చెయ్యి విరిచేస్తాను. నింపు."

మధ్యాహ్నం లియోటా ఫాసెట్‌ని తీసుకొచ్చారు. తొంభై దాటిన మనిషి. కీళ్లవాతంతో వేళ్లు కొక్కేల్లా వంగిపోయాయి, చూపు మసక. ఆ మధ్య పక్షవాతం వచ్చాక మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆమె కుర్చీని తోసుకొచ్చింది కొడుకు కిప్. యాభై ఏళ్లవాడు, భారీ మనిషి, నవ్వు మొహం. బిర్చ్‌ఫోర్డ్ టౌన్‌షిప్ ట్రస్టీ పదవికి నిలబడ్డాడు. ఊరి రోడ్లు, శ్మశానం, చలికాలంలో మంచు తీసే బండి, అన్నీ ట్రస్టీల చేతిలోనే ఉంటాయి. ఆ పదవికి పార్టీలు ఉండవు గానీ కిప్ ఎటువైపో ఊరంతటికీ తెలుసు. వెండెల్‌తో కలిసి చేపలు పట్టేవాడు.

"వెండెల్ బాబాయ్! నువ్వా, బతికించావు," అన్నాడు కిప్, కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చుంటూ. "ఇలా ఇవ్వు, అమ్మది నేను నింపేస్తాను. ఆమె మాట నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు."

వెండెల్ కాగితం ఇవ్వలేదు. "కిప్, నీ పేరు దీని మీదుంది. పేరున్నవాళ్లు సాయం చెయ్యకూడదు."

"మా అమ్మ బాబాయ్."

"అయినా సరే. బయట ఉండు."

కిప్ నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. "పక్కనున్న ఈవిడ పోలీసు పనికి భయపడుతున్నావా? నువ్వు మా వైపనుకున్నాను."

"బయటికి నడు," అంది ఆర్డిత్. "నీ కాళ్లతో వెళ్తావా, నర్సులని పిలవమంటావా?"

"నిన్ను అడగలేదు ముసలమ్మా."

"ఒరేయ్," అంది లియోటా. ఆ ఒక్క మాటా ముక్కలవకుండా వచ్చింది. కిప్ లేచి వెళ్లిపోయాడు. తలుపు వేసి, కాఫీ మిషను వైపు వెళ్లాడనుకున్నారు ఇద్దరూ.

వెండెల్ ఆ చావు రేడియో గొంతుతోనే కాగితమంతా చదివాడు. బడి పన్ను మీద అవునో కాదో, న్యాయమూర్తి పదవి, తర్వాత ట్రస్టీ. "కిప్ ఫాసెట్. నోరీన్ హేగర్." రెండు పేర్లు. లియోటా వంగిన వేలు కాగితం మీదికి నెమ్మదిగా దిగి రెండో పేరు మీద ఆగింది.

వెండెల్, ఆర్డిత్ ఒకరినొకరు చూసుకున్నారు. అలా చూసుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

"మీ వేలున్నది నోరీన్ హేగర్ మీదండీ," అంది ఆర్డిత్, ట్వైలా నేర్పినట్టు గొంతు పెంచకుండా, దించకుండా. "ఇదేనా మీరు కోరింది?"

"ఇదే."

"మళ్లీ చదవమంటారా?" అన్నాడు వెండెల్.

"చెవుడు... లేదు నాకు." ఊపిరి తీసుకుంది. "వాణ్ణి... పెంచింది నేను. నాకు తెలీదా?"

వెండెల్ గడి నింపాడు. ఆర్డిత్ కళ్లార్పకుండా చూసింది. ఎన్నిక రోజుదాకా తెరవని కవర్లో కాగితం పెట్టి మూశారు. లియోటా వంగిన వేళ్లతో పెన్ను పట్టుకుని ఇంటూ గుర్తు పెట్టింది. దాని కింద ఇద్దరూ సాక్షి సంతకాలు చేశారు.

నడవాలో కిప్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. నవ్వు పూర్తిగా పోయింది.

"ఏం రాయించారు మా అమ్మ చేత?"

"ఆమెనే అడుగు," అన్నాడు వెండెల్.

"ఆ మనిషికి నిన్న తిన్నది గుర్తుండదు! మీరిద్దరూ కలిసి ఆడించారు. నిన్ను చిన్నప్పట్నించి ఎరుగుదును వెండెల్, ఇలా గడ్డి తింటావనుకోలేదు. ఇద్దరి సంగతీ చూస్తాను."

"చూడు. ముందు దారి వదులు," అంది ఆర్డిత్.

వారం తిరక్కముందే కిప్ లాయరుని పెట్టి ఎన్నికల బోర్డుకి ఫిర్యాదు చేశాడు. వీళ్లిద్దరూ మతి సరిగా లేని తన తల్లిని తికమకపెట్టి తమకి కావలసింది రాసుకున్నారని, ఆ కవరు తెరవకుండా పారెయ్యాలని. ఆ కబురు ఫోన్లలో ఊరంతా తిరిగింది. తిరిగేకొద్దీ పెరిగింది. ఆశ్రమం ఓట్లన్నీ వాళ్లే వేసుకున్నారన్నారు. ఎవడో ఆర్డిత్ ఇంటి ముందున్న తపాలా పెట్టెని బేస్‌బాల్ బ్యాటుతో పగలగొట్టి పోయాడు. ఆమె దాన్ని వైరుతో కట్టి మళ్లీ నిలబెట్టింది.

వెండెల్‌కి జరిగింది ఇంకో రకం. ప్రతి ఉదయం ఆయన స్నేహితులు హోటల్లో కిటికీ పక్క పెద్ద బల్ల దగ్గర కూర్చుని గుడ్లు, బేకన్ తినేవారు. ఆయన వెళ్లి కూర్చోగానే ఒక్కొక్కరే కాఫీ కప్పు పట్టుకుని లేచి వేరే బల్లలకి పోయారు. మర్నాడూ అంతే. మూడోరోజు వడ్డించే అమ్మాయి అడక్కుండానే ఆయన ప్లేటు తెచ్చి చివర ఒంటి బల్ల మీద పెట్టింది. ఆయన తినేసి, నోరు తుడుచుకుని, అందరికీ వినపడేలా, "రేపు కూడా వస్తాను," అని వెళ్లాడు. ఆ తర్వాత రోజూ వెళ్లాడు, రోజూ ఒక్కడే తిన్నాడు.

బోర్డు విచారణ కోర్టు భవనంలో పెట్టారు. నలుగురు సభ్యులు, రెండు పార్టీల నుంచీ ఇద్దరిద్దరు. గది నిండిపోయింది. చాలామంది కిప్ పేరున్న జాకెట్లు వేసుకొచ్చారు. ట్వైలా వాటిని విప్పించింది, దానికో గొడవ. లియోటా కవరు సీలు తియ్యకుండా బల్ల మీద ఉంది. ఆమెను ఎందుకు తీసుకురాలేదని అధ్యక్షురాలు అడిగితే ఆరోగ్యం బాగాలేదన్నాడు కిప్. బోర్డే ఆశ్రమానికి వెళ్లొచ్చు కదా అని ట్వైలా అంటే, తన తల్లిని ఎవరూ వేధించడానికి వీల్లేదన్నాడు.

ముందు వెండెల్ ప్రమాణం చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరికి ఓటు పడిందో చెప్పమంటే చెప్పనన్నాడు. తర్వాత ఆర్డిత్ వంతు. కిప్ లాయరు లాండిస్ సన్నగా, మర్యాదగా ఉంటాడు. తొందరలేని మనిషి.

"మిసెస్ మోల్నార్, స్ట్రోప్ గారు మీకు ఎన్నాళ్లుగా తెలుసు?"

"కావలసినదానికంటే ఎక్కువే."

"ఆయన గురించి మీరు బయట అన్న మాటలు కొన్ని విన్నాను. ఆయన నిజం చెప్పడని అన్నారా?"

"ఎవరు చెప్పారు?" అంది ఆర్డిత్.

"మీ జుట్టు కత్తిరించే ఆవిడని పిలిపించాను, వెనకే కూర్చుంది. ఆమెని అడగమంటారా?"

"అన్నాను."

"గుడ్డి కోడిని నమ్మొచ్చు గానీ ఈయన్ని నమ్మకూడదని అన్నారా?"

గదిలో ఎవరో నవ్వారు. "అన్నాను," అంది ఆర్డిత్.

"ఈయన మీ భర్తని చంపాడని కూడా అన్నారు. ఏడేళ్లుగా అంటున్నారు." లాండిస్ గొంతు ఇంకా మెత్తబడింది. "కూడలిలో ఓ రోడ్డు బోర్డు చదవలేని మనిషని మీరే చెప్పారు. మరి వణికే వేలు ఏ పేరు మీద ఆగిందో ఆ మనిషి సరిగా చదివాడని ఈ బోర్డు ఎలా నమ్మాలి? అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడు ఆడుతున్నారా?"

వెండెల్ ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. మెడ వెనక ఎర్రగా కందింది. ఆర్డిత్ ఆ మెడ వైపు చూసింది. ఏడేళ్లుగా తాను వీధి వీధినా పంచిన మాటలు ఇప్పుడు ఇంకొకడి నోట్లోంచి, పద్ధతిగా, ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి.

"రోడ్డు విషయంలో నేనన్నది ఇప్పటికీ అంటాను," అంది చివరికి. "ఆ మనిషంటే నాకు గిట్టదు. ఒకే గదిలో గాలి పీల్చడం కూడా ఇష్టం లేదు. అందుకే ఆ రోజు ఆయన పెన్ను మీంచి నా కళ్లు ఒక్కసారి కూడా తియ్యలేదు. తప్పు చేస్తాడేమో, పట్టుకుందామని చూశాను. ఆశపడ్డాను కూడా. దొరకలేదు. లియోటా వేలు ఎక్కడుందో నేను చూశాను, అదేనా అని నేనే అడిగాను, ఆమె చెప్పింది విన్నాను. ఆయన అదే నింపాడు. అలా కాకపోతే మొట్టమొదట ఇక్కడికొచ్చి అరిచేది నేనే."

లాండిస్ ఇంకేదో అడగబోయాడు. ఈలోగా కిప్ లేచి నిలబడ్డాడు.

"అబద్ధం! రెండుసార్లు అడిగి అడిగి ఆమెని తికమకపెట్టారు! కన్నకొడుకు పేరు మీద పెట్టబోయిన వేలు కిందికి జారింది. ఆ నోరీన్ పేరు మీదికి జారితే, గబగబా నింపేశారు!"

"కూర్చో కిప్," అన్నాడు లాండిస్, తక్కువ గొంతుతో.

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసింది. "ఫాసెట్ గారూ, మీరు గది బయట ఉన్నారని మీ ఫిర్యాదులోనే రాశారు."

"బయటే ఉన్నాను."

"మరి వేలు ఏ పేరు మీదికి జారిందో మీకెలా తెలుసు?"

జాకెట్లు విప్పి ఒళ్లో పెట్టుకున్నవాళ్లు కూడా కిప్‌నే చూస్తున్నారు.

"తలుపుకి అద్దం ఉందండీ," అన్నాడు వెండెల్, ఎవరూ అడక్కుండానే. "దానికి కాగితం అంటించి ఉండాల్సింది. ఆ తప్పు మా ఇద్దరిదీ."

కవరు చెల్లుతుందని నలుగురూ ఒకే మాట అన్నారు. తల్లి ఓటు వేస్తుంటే అద్దంలోంచి చూసినందుకు కిప్‌ని మందలించారు. ఇక మీదట తలుపు అద్దాలకి కాగితం అంటించే పని ట్వైలా ట్రైనింగులో చేరింది.

కోర్టు వెనక కార్లు నిలిపేచోట వెండెల్ తన ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాడు. ఆర్డిత్ తల తిప్పుకుని పోబోయింది.

"లోపల నువ్వన్నదానికి..." అన్నాడాయన.

"నీకోసం అనలేదు. ఆ ముసలావిడ కోసం అన్నాను."

"తెలుసు. ఫోన్లో ఫర్నెస్ రోడ్డనే చెప్పారు. పాతదో కొత్తదో చెప్పలేదు."

ఆర్డిత్ గిర్రున వెనక్కి తిరిగింది. "మా ఆయన నేల మీద పడి గిలగిల్లాడుతున్నాడు. నీకు పాతా కొత్తా వివరంగా చెప్పాలా? అడగొచ్చుగా! నోరు లేదా నీకు?"

"అడగాల్సింది," అన్నాడు వెండెల్. "అడగలేదు."

ఏడేళ్లలో ఆయన ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ఆర్డిత్ దానికోసం ఎంతో కాలం చూసింది. ఆ మాట వింటే ఒళ్లు తేలిక పడుతుందనుకునేది. పడలేదు. ఇంకా కోపం వచ్చింది.

"ఇప్పుడు చెప్తావా? అంత్యక్రియలకి కూడా రాలేదు నువ్వు."

"వచ్చాను. మీ అన్న చర్చి మెట్ల మీదే ఆపాడు. వెళ్లిపోమన్నాడు."

ఆమెకి ఆ సంగతి తెలియదు. అన్న చనిపోయి రెండేళ్లయింది. అడగడానికి లేడు.

"లోపలికి రానిస్తే ఏం చేసేవాడివి?"

"ఏమో. నిలబడేవాణ్ణి," అన్నాడు వెండెల్.

ఆర్డిత్ కారెక్కి తలుపు గట్టిగా వేసుకుంది. రోడ్డెక్కేదాకా అద్దంలో వెనక్కి చూడలేదు.

ఎన్నికల్లో కిప్ గెలిచాడు, బాగానే గెలిచాడు. తల్లి ఓటు ఆయన్ని ఆపలేదు. లియోటా ఆ కబురు విని, "చూస్తారుగా," అని మాత్రం అందని ఆశ్రమంలో నర్సులు చెప్పారు. ఆ చలికాలం కొత్త ఫర్నెస్ రోడ్డుకి మంచు తీసే బండి అన్నిటికంటే ఆఖర్న వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. వెండెల్ ఉండే సందుకి కూడా అంతే. ఆర్డిత్ ప్రతి ట్రస్టీల సమావేశానికీ వెళ్లి, కిప్‌కి ఎదురుగా మొదటి కుర్చీలో కూర్చుని, తన రోడ్డు సంగతి అడిగేది. కిప్ ప్రతిసారీ చూస్తామనేవాడు. వెండెల్ కూడా వచ్చి గదిలో రెండో చివర కూర్చునేవాడు. ఇద్దరూ పలకరించుకునేవారు కాదు.

వసంతంలో, పార్టీలు తమ అభ్యర్థులని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలకి ట్వైలా ఫోన్ చేసి, అటు పార్టీ నుంచి ఇప్పుడు ఇంకో ఇద్దరు దొరికారు, మీకు ఎవరు కావాలో చెప్పండి అంది. ఆర్డిత్ వేరే మనిషినే అడిగింది. కానీ క్వారీ హిల్ నుంచి వచ్చిన సాయంత్రం ట్వైలాతో, "కొత్తావిడ పేర్లు చదువుతుంటే పాట పాడుతోంది. నేర్పించు," అంది. ఎవరి దగ్గర నేర్చుకోవాలో చెప్పలేదు.

ఈస్టరుకి ముందు ఒక శుక్రవారం చర్చిలో చేపల వేపుడు విందు జరుగుతోంది. పొడవాటి బల్లల దగ్గర ఊరంతా కూర్చుంది. ఆర్డిత్ ఎదురుగా కూర్చున్న ఒకావిడ పక్కింటి కొత్త కోడలికి వెండెల్ని చూపిస్తూ, "అదిగో ఆ మూల ఒక్కడే తింటున్నాడే, ఆయనే. ఈవిడ మొగుడికి గుండెపోటు వచ్చినప్పుడు అంబులెన్సుని తప్పుదారిలో..." అని మొదలుపెట్టి, మిగతాది ఆర్డిత్ చెబుతుందని ఆగింది. ఎప్పుడూ చెప్పేదిగా.

ఆర్డిత్ నోట్లో ఉన్న ముక్క నమిలి మింగింది. "చేపలో ఉప్పు తక్కువైంది," అని, ప్లేటు తీసుకుని ఉప్పు కోసం వంటగది వైపు వెళ్లిపోయింది.